స్కైవాచర్ 200పి డాబ్సోనియన్: అద్దంలో పదును ఉంది, దాన్ని కంటిదాకా తేవడమే పని

ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ (నేల మీది పీఠంపై చేత్తో తిప్పే అద్దపు టెలిస్కోప్) కొన్న మొదటి నెలలో చాలామంది అనే మాట ఒకటే: "గురుగ్రహం కనిపిస్తోంది కానీ మసకగా ఉంది." వెంటనే అనుమానం అద్దం మీదికి పోతుంది, లేదంటే ఇంకో ఐపీస్ (కంటి దగ్గరి కటకం) కోసం వెతుకులాట మొదలవుతుంది. స్కైవాచర్ స్కైలైనర్ 200పి విషయంలో అనుమానించాల్సిన వాటిలో అద్దం చిట్టచివరిది. ఇందులో ఉన్నది 200 మి.మీ. పారాబొలిక్ అద్దం. ఫోకల్ లెంగ్త్ 1200 మి.మీ., ఫోకల్ నిష్పత్తి ఎఫ్/5.9. 116ను మిల్లీమీటర్లలో అద్దం వ్యాసంతో భాగిస్తే డాస్ పరిమితి, అంటే అద్దం విడదీసి చూపగల అతి చిన్న ఎడం, వస్తుంది. ఇక్కడ అది 0.58 ఆర్క్ సెకన్లు (ఒక ఆర్క్ సెకను డిగ్రీలో 3600వ వంతు). శని వలయాల మధ్య ఉండే కసీని చీలిక ఇంచుమించు 0.7 ఆర్క్ సెకన్లు. గాలి నిలకడగా ఉన్న రాత్రి ఆ నల్లటి గీత వలయాల పక్క కొసల్లో స్పష్టంగా కనిపించాలి. కనిపించడం లేదంటే అద్దానికీ కంటికీ మధ్య ఎక్కడో పదును పోతోందన్నమాట. ఎక్కడ పోతోందో పట్టుకోవడమే ఈ టెలిస్కోప్‌తో అసలు పని, ఈ రివ్యూలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందు పెట్టెలో వచ్చే సరంజామా. 25 మి.మీ., 10 మి.మీ. ఐపీసులు రెండూ ఉంటాయి. 25 మి.మీ.తో 48 రెట్లు వస్తుంది. చంద్రబింబం మొత్తం పడుతుంది, నక్షత్ర గుచ్ఛాలకు చక్కగా పనికొస్తుంది, దాన్ని మార్చాల్సిన తొందరేమీ లేదు. 10 మి.మీ. ఐపీస్ మాత్రం ఈ ట్యూబుకు తగింది కాదు. 120 రెట్లు ఇస్తుంది కానీ అంచులు జావగా ఉంటాయి, గ్రహం చుట్టూ పలచటి వెలుగు పరుచుకుంటుంది. దానికి 2 రెట్ల బార్లో (పెంపును రెట్టింపు చేసే కటకం) తగిలించి 240 రెట్లు సాధించాలనుకోవడం వృథా. ఐపీస్‌లోని లోపమే రెట్టింపై కనిపిస్తుంది. ఆ డబ్బుతో మంచి 6 లేదా 7 మి.మీ. ఐపీస్ ఒక్కటి కొనాలి. 6 మి.మీ.తో 200 రెట్లు, 7 మి.మీ.తో 171 రెట్లు వస్తాయి, గ్రహాలకు ఎక్కువ రాత్రులు సరిపోయేది ఈ మధ్యలోనే. ఎనిమిది అంగుళాలకు 400 రెట్లు గరిష్ఠం అని పుస్తకాల్లో ఉంటుంది నిజమే. అంత పెంపును తట్టుకునే గాలి ఏడాదిలో కొద్ది రాత్రులే దొరుకుతుంది.

9×50 ఫైండర్ (గురి చూసుకునే చిన్న టెలిస్కోప్) బాగుంది, కానీ నేరుగా చూసే రకం, బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. ట్యూబు నిటారుగా లేస్తే మెడ పట్టేస్తుంది. రెండు అంగుళాల క్రేఫర్డ్ ఫోకసర్ (ఐపీస్‌ను ముందుకూ వెనక్కూ జరిపే భాగం) గట్టిదే, అయితే సాధారణ మోడల్లో నాబ్‌కు ఒకటే వేగం. ఎఫ్/5.9 దగ్గర ఫోకస్ కచ్చితంగా ఉండే పరిధి ముందుకూ వెనక్కూ కలిపి 0.08 మి.మీ. మాత్రమే. నాబ్ వెంట్రుకవాసి కదిలినా ఆ పరిధి దాటిపోతుంది. బార్లో పెడితే ఈ ఇబ్బంది తగ్గుతుందని కొందరు అనుకుంటారు. తగ్గదు. ఫోకసర్‌తో పాటు బార్లో కూడా కదులుతుంది కాబట్టి నాబ్ దగ్గర అదే 0.08 మి.మీ. లెక్క. నాబ్‌కు ఒక బట్టల క్లిప్పు బిగించి, దాని కొసను వేలితో నెడితే చాలా సన్నగా తిప్పవచ్చు. పైగా చెయ్యి తగిలి ట్యూబు ఊగడం కూడా తగ్గుతుంది.

ఇక కొలిమేషన్, అంటే అద్దాలను ఒకే వరుసలోకి తేవడం. మసకకు మొదటి కారణం దాదాపు ఎప్పుడూ ఇదే, ఈ టెలిస్కోప్ రవాణాలో ఎంతో కొంత కదలకుండా రాదు. పారాబొలిక్ అద్దానికి నడి అక్షం దగ్గరే పూర్తి పదును ఉంటుంది, పక్కకు పోయేకొద్దీ కోమా పెరిగి చుక్కకు తోక వస్తుంది. కోమా ఇబ్బంది పెట్టని ఆ వలయం వ్యాసం ఎఫ్/5.9 దగ్గర దాదాపు 4.5 మి.మీ., ఎఫ్/4 దగ్గర అయితే 1.4 మి.మీ. మాత్రమే. అంటే ఈ ట్యూబు కొంత ఉదారమైనదే, కొత్తవాళ్లకు దీన్ని నిశ్చింతగా సిఫారసు చేయడానికి అదొక పెద్ద కారణం. కానీ కొలిమేషన్ చెడితే ఆ 4.5 మి.మీ. వలయం ఐపీస్ నడిమధ్య నుంచి పక్కకు జరిగిపోతుంది. అప్పుడు మధ్యలో పెట్టుకుని చూస్తున్న గురుగ్రహం నిజానికి కోమా ప్రాంతంలో ఉంటుంది. ఎంత ఫోకస్ చేసినా పట్టీలు తేలవు.

చేసే పద్ధతి ఇది. ట్యూబును ఇంచుమించు అడ్డంగా పడుకోబెట్టాలి, చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారినా అద్దం మీద పడకుండా. ఫోకసర్‌లో చెషైర్ ఐపీస్ (కటకం లేని, తీగల కూడలి ఉన్న గురిగొట్టం) పెట్టాలి. చిన్న అద్దం (కాంతిని ఫోకసర్ వైపు మళ్లించేది) వెనక, ట్యూబు లోపలి గోడ మీద తెల్ల కాగితం ఒకటి పెట్టి, పెద్ద అద్దం వైపు ఇంకో కాగితం అడ్డం పెడితే చిన్న అద్దం అంచు స్పష్టంగా తెలుస్తుంది. అది ఫోకసర్ కింద గుండ్రంగా, మధ్యలో కనిపించాలి. తర్వాత అడ్డు కాగితం తీసేసి, చిన్న అద్దం మూడు స్క్రూలతో పెద్ద అద్దం నడుమనున్న రింగు గుర్తును చెషైర్ తీగల కూడలి కిందికి తేవాలి. ఒక స్క్రూ వదులు చేశాకే ఇంకోటి బిగించాలి, ఒకసారికి ఎనిమిదో వంతు చుట్టు చాలు. ఇక్కడ ఒక చిరాకు ఉంది. స్క్రూ కొనలు చిన్న అద్దం పట్టు వెనక లోహంలో గుంటలు చేస్తాయి, సవరించిన ప్రతిసారీ స్క్రూ ఆ గుంటలోకే జారిపోతుంది. మందపాటి ప్లాస్టిక్ డబ్బా నుంచి గుండ్రటి వాషర్ కత్తిరించి మధ్యలో పెడితే ఆ సమస్య పోతుంది.

చివర పెద్ద అద్దం. వెనక ఆరు స్క్రూలుంటాయి: మూడు సవరించడానికి, మూడు బిగించి ఉంచడానికి. ముందు బిగింపు స్క్రూలు వదులు చేయాలి, లేకపోతే రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. చెషైర్‌లో కనిపించే వెలుగు వలయం నడిమి నల్లచుక్క, అద్దం మీది రింగు లోపలికి వచ్చేదాకా తిప్పాలి. ఇప్పుడు ట్యూబును గ్రహం ఉండే ఎత్తుకు, ఏ 50 డిగ్రీలకో లేపి మళ్లీ చూడాలి. బరువుకు అద్దం కొద్దిగా కుంగి గుర్తు జరిగి ఉంటుంది. ఆ భంగిమలోనే సరిచేసి, చెషైర్‌లో చూస్తూనే బిగింపు స్క్రూలను మెల్లగా తాకించాలి. వాటిని బలంగా బిగిస్తే అప్పటిదాకా చేసింది చెడుతుంది. స్ప్రింగులు మెత్తగా ఉన్నాయనిపిస్తే అదే కొలతలో గట్టివి వేస్తే నెలల తరబడి కదలదు. ఈ మార్పు తక్కువ ఖర్చుతో అయిపోతుంది, ఫలితం మాత్రం ప్రతి రాత్రీ తెలుస్తుంది.

లేజర్ కొలిమేటర్ వేగంగా పనిచేస్తుంది కానీ చవకరకం లేజర్ తనే వంకరగా ఉంటుంది. దాన్ని వి ఆకారపు గాడిలో పెట్టి తిప్పుతూ, ఐదారు మీటర్ల దూరంలో గోడ మీద చుక్కను గమనించాలి. చుక్క వలయం గీస్తే లేజర్‌నే ముందు సరిచేయాలి, లేదా పక్కన పెట్టాలి. ఫోకసర్ అడాప్టర్‌లో వదులు ఉన్నా ఇలాంటి తప్పే వస్తుంది. పెద్ద అద్దానికి లేజర్ వాడాలంటే ముందు బార్లో పెట్టి వాడటం మేలు. అప్పుడు రింగు గుర్తు నీడ లేజర్ ముఖం మీద పడుతుంది, ఆ నీడను మధ్యకు తెస్తే చాలు, లేజర్ కొంచెం వంకరగా ఉన్నా ఫలితం చెడదు.

పదునును దోచే రెండో దొంగ వేడి. ఇంట్లోంచి తెచ్చిన అద్దం బయటి గాలికన్నా రెండు డిగ్రీలు వెచ్చగా ఉన్నా, దాని ముందు పలచటి వెచ్చని గాలి పొర నిలిచి బొమ్మను కలిపేస్తుంది. ఎనిమిది అంగుళాల అద్దానికి మామూలుగా 45 నిమిషాల నుంచి గంట పడుతుంది. చలి వేగంగా పెరిగే రాత్రుల్లో అద్దం ఎప్పటికీ గాలి కన్నా వెనకబడే ఉంటుంది. దీనికి అద్దం వెనక 80 మి.మీ. కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి చాలు. స్క్రూలతో బిగించకుండా రబ్బరు బ్యాండ్లతో వేలాడదీయాలి, లేకుంటే దాని కంపనం 200 రెట్ల దగ్గర కనిపిస్తుంది. 12 వోల్టుల ఫ్యాన్‌ను ఏడెనిమిది వోల్టులతో నడిపితే ఇంకా నిశ్శబ్దంగా తిరుగుతుంది. చూస్తున్నంతసేపూ ఆపనక్కర్లేదు. టెలిస్కోప్ పెట్టే చోటు కూడా ముఖ్యమే: పగలంతా ఎండకు కాలిన స్లాబు మీద, తారు రోడ్డు పక్కన అర్ధరాత్రి దాకా వేడి లేస్తుంది. గడ్డి నేల మేలు. పక్కింటి కప్పు మీదుగా గ్రహాన్ని చూడటం కన్నా అది ఇంకో గంటలో పైకి వచ్చేదాకా ఆగడం లాభం.

ఈ రెండూ సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పేది చుక్క పరీక్ష. ఉత్తరార్ధగోళంలో ధ్రువ నక్షత్రం దీనికి అనువు, అది చూపు నుంచి జారిపోదు. 200 రెట్లతో నడిమధ్య పెట్టి, ఫోకస్‌ను కొద్దిగా తప్పించాలి. వలయాలు ఒకే కేంద్రం చుట్టూ ఉంటే కొలిమేషన్ కుదిరినట్టే. ఒక పక్కకు ఒత్తుకుని ఉంటే పెద్ద అద్దం మూడు స్క్రూలను కొద్దికొద్దిగా కదపాలి, ప్రతి కదలిక తర్వాతా చుక్కను మళ్లీ మధ్యకు తేవాలి. వలయాల మీదుగా పొగలాంటిది మెల్లగా పాకుతుంటే అది ట్యూబు లోపలి వేడి. మొత్తం బొమ్మ నీటి అడుగున ఉన్నట్టు గబగబా అల్లాడుతుంటే అది పై వాతావరణం, మనం చేయగలిగిందేమీ లేదు. చుక్క ముక్కోణంగా కనిపిస్తే అద్దాన్ని పట్టి ఉంచే మూడు క్లిప్పులు నొక్కుతున్నాయి. క్లిప్పుకూ అద్దానికీ మధ్య ఒక కాగితం దూరేంత సందు ఉండాలి. ఫోకస్‌కు ఒక వైపు నిలువు కోడిగుడ్డులా, రెండో వైపు అడ్డం కోడిగుడ్డులా మారితే అది ఆస్టిగ్మాటిజం. తల తిప్పి చూడాలి: ఆకారం తలతో పాటు తిరిగితే లోపం కంటిది, ఐపీస్ తిప్పితే తిరిగితే ఐపీస్‌ది, దేనితోనూ తిరగకపోతేనే అద్దాలది. ప్రకాశవంతమైన నక్షత్రాలకు కనిపించే నాలుగు కిరణాలు చిన్న అద్దాన్ని మోసే నాలుగు రెక్కల వల్ల వచ్చేవి. అది లోపం కాదు.

ఫోకస్ లోపలి వైపు వలయాలు స్ఫుటంగా, బయటి వైపు జావగా ఉంటే గోళాకార దోషాన్ని (అద్దం అంచూ నడుమా వేర్వేరు చోట్ల ఫోకస్ కావడాన్ని) అనుమానించాలి. అయితే చల్లబడని అద్దం కూడా ఇలాంటి తేడానే చూపిస్తుంది, గంట గడవకుండా తీర్పు చెప్పకూడదు. 1990లో అంతరిక్షంలోకి పంపిన హబుల్ టెలిస్కోప్‌కు వచ్చింది ఈ దోషమే. అద్దం అంచు దగ్గర 2.2 మైక్రాన్ల తేడా, 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి దిద్దే పరికరాలు అమర్చాల్సి వచ్చింది. 200పి అద్దాలు ఎంత బాగా వస్తాయంటే ఈ దోషం కంటికి తెలిసేంతగా ఉండటం అరుదు.

పదునును కొలిచి చూసుకోవాలంటే జంట నక్షత్రాలు మంచి సాధనం. వసిష్ఠ నక్షత్రం రెండుగా విడిపోవడం తేలిక, మధ్య దూరం 14 ఆర్క్ సెకన్లు, 48 రెట్లతోనే తెలుస్తుంది. పక్కనే ఉన్న అరుంధతిని దానితో కలిపి పొరబడకూడదు, అది చాలా దూరం. మిథున రాశిలోని క్యాస్టర్ దాదాపు 5 ఆర్క్ సెకన్లు. లైరాలోని జంట జంట, ఎప్సిలాన్ లైరే, ఒక్కో జత 2 ఆర్క్ సెకన్ల పైచిలుకు. 171 రెట్ల దగ్గర నాలుగూ విడివిడిగా, మధ్యలో నల్లటి సందుతో కనిపిస్తే ఆ రాత్రి గ్రహాల మీద ఆశ పెట్టుకోవచ్చు.

ఫోటోల దగ్గర ఈ టెలిస్కోప్ ఏం ఇస్తుంది, ఏం ఇవ్వదు అన్నది ముందే తెలుసుకోవాలి. దీనికి మోటారు లేదు. ఆకాశ మధ్యరేఖ దగ్గర నక్షత్రాలు సెకనుకు 15 ఆర్క్ సెకన్లు జారిపోతాయి. ఒక సెకను ఎక్స్‌పోజర్ ఇస్తే చుక్క గీతగా మారుతుంది, కాబట్టి నెబ్యులాలు, గెలాక్సీల ఫోటోల కోసం దీన్ని కొనకూడదు. అదే గ్రహానికి 10 మిల్లీ సెకన్ల ఎక్స్‌పోజర్ చాలు. ఆ లోపు జారేది 0.15 ఆర్క్ సెకన్లు, అద్దం విడదీయగల దానికన్నా చాలా తక్కువ. చంద్రుడికీ గ్రహాలకూ మోటారు లేకపోవడం అడ్డంకి కాదు, అసౌకర్యం మాత్రమే.

చంద్రుడికి ఫోను చాలు. 25 మి.మీ. ఐపీస్‌కు ఫోన్ అడాప్టర్ బిగించి, లెన్స్‌ను ఐపీస్ నడుమకు కచ్చితంగా తేవాలి. ఐఎస్ఓ 100, షట్టర్ 1/125 నుంచి 1/250, ఫోకస్ లాక్, టైమరు 3 సెకన్లు. డిజిటల్ జూమ్ జోలికి పోవద్దు. ఒక్క ఫోటో కన్నా పది సెకన్ల వీడియో తీసి, తర్వాత ఫ్రేములను కలిపితే బిలాల అంచులు బాగా తేలతాయి.

డీఎస్ఎల్ఆర్ దీనికి తగిలించాలనుకునేవారికి ఒక మాట. టీ-రింగ్‌తో (కెమెరాను ఫోకసర్‌కు కలిపే వలయంతో) కలిపి సెన్సర్ 55 మి.మీ. వెనక ఉంటుంది, కంటితో చూడటానికి కట్టిన ట్యూబులో ఫోకసర్ అంత లోపలికి పోకపోవచ్చు. ఎంత తిప్పినా ఫోకస్ రాకపోతే కెమెరా పాడైందనుకోవద్దు, బార్లో పెడితే ఫోకస్ బయటికి జరిగి అందుతుంది.

గ్రహాలకు మాత్రం చిన్న ప్లానెటరీ కెమెరానే సరైనది. ఉదాహరణకు జడ్‌డబ్ల్యూఓ ఏఎస్ఐ224ఎంసీ: 1304×976 పిక్సెళ్లు, ఒక్కోటి 3.75 మైక్రాన్లు. ఫోకల్ నిష్పత్తి మైక్రాన్లలో పిక్సెల్ సైజుకు మూడు నుంచి ఐదు రెట్లు ఉండాలన్నది మంచి లెక్క. 2 రెట్ల బార్లోతో ఎఫ్/11.8 వస్తుంది, మామూలు గాలికి చాలు. 3 రెట్ల బార్లోతో ఎఫ్/17.7, పిక్సెల్‌కు 0.21 ఆర్క్ సెకన్లు, మంచి గాలి ఉన్న రాత్రికి. సెన్సర్ పొడవు 4.9 మి.మీ. అయినా 3 రెట్ల బార్లో వెనక అది అద్దం ఫోకస్ దగ్గర 1.6 మి.మీ.కు సమానం. గ్రహం సెన్సర్ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా జారినా కోమా లేని 4.5 మి.మీ. వలయం దాటదు, కొలిమేషన్ సరిగ్గా ఉంటే.

ఈ కెమెరా ముందు గాజు పరారుణ కాంతిని ఆపదు. యూవీ-ఐఆర్ కట్ ఫిల్టర్ లేకుండా తీస్తే, బార్లో ఆ కాంతిని వేరే చోట ఫోకస్ చేసి గ్రహం ఉబ్బినట్టు కనిపిస్తుంది. ఈ ఫిల్టర్ తప్పనిసరి. గ్రహం 30 డిగ్రీల ఎత్తులోనే ఉంటే వాతావరణం రంగులను 1.5 ఆర్క్ సెకన్లకు పైనే విడదీస్తుంది, ఒక అంచు నీలంగా, ఎదురంచు ఎర్రగా. దానికి ఏడీసీ అనే పట్టక పరికరం ఉంది కానీ, గ్రహం బాగా పైకెక్కే వేళకు తీసుకుంటే దాని అవసరం తగ్గుతుంది.

రికార్డింగ్‌కు షార్ప్‌క్యాప్ లేదా ఫైర్‌క్యాప్చర్ సాఫ్ట్‌వేర్ వాడవచ్చు. కెమెరాను తిప్పి గ్రహం జారే దిశ సెన్సర్ పొడవు వెంట వచ్చేలా చేయాలి. ఫ్రేము పూర్తి వెడల్పు ఉంచి, ఎత్తు మాత్రం నాలుగైదు వందల పిక్సెళ్లకు తగ్గించాలి. ఇలాంటి సెన్సర్లలో వేగాన్ని నిర్ణయించేది వరుసల సంఖ్య. ఎక్స్‌పోజర్ 8 నుంచి 10 మిల్లీ సెకన్లు, హిస్టోగ్రామ్ (వెలుగు స్థాయిల గ్రాఫు) 60 శాతం దగ్గరికి వచ్చేలా గెయిన్ (సెన్సర్ సంకేతాన్ని పెంచే మోతాదు). ఫైలు ఎస్ఈఆర్ రకంలో. 3 రెట్ల బార్లోతో గురుగ్రహం ఒక చివరి నుంచి ఇంకో చివరికి పోవడానికి 15 సెకన్లకు పైగా పడుతుంది, సెకనుకు 100 ఫ్రేముల లెక్కన 1500 ఫ్రేములు. రెండు నిమిషాల్లో మూడు నాలుగు సార్లు ఇలా జారనిచ్చి ఆపాలి. గురుగ్రహం 9 గంటల 55 నిమిషాల్లో ఒక చుట్టు తిరుగుతుంది, ఆ రెండు నిమిషాలకన్నా ఎక్కువసేపు తీస్తే దాని తిరుగుడే వివరాలను పూసేస్తుంది. తర్వాత పిప్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేములన్నిటినీ కేంద్రానికి తెచ్చి, ఆటోస్టాకర్ట్‌లో మేలైన 20 నుంచి 25 శాతం కలిపి, రెజిస్టాక్స్‌లో వేవ్‌లెట్స్ (వివరాలకు పదును పెట్టే సర్దుబాట్లు) మెల్లగా పెంచాలి. గ్రహం అంచు వెంట తెల్లటి గీత వచ్చిందంటే మోతాదు మించింది, వెనక్కి తగ్గాలి.

పీఠం గురించి కొద్దిమాటలు. ట్యూబు సుమారు 11 కిలోలు, పీఠం సుమారు 15. రెండు విడతలుగా మోయాలి. పీఠం చెక్కపొట్టు పలకతో చేసింది, అంచుల్లో తడి చేరితే ఉబ్బుతుంది, కోసిన అంచులకు వార్నిష్ పూయడం మంచిది. మంచు కురిసే రాత్రుల్లో ట్యూబు మూతికి నల్లటి ఫోమ్ చుడితే చిన్న అద్దం మీద తేమ పట్టదు. సూర్యుడి వైపు తిప్పాలంటే ట్యూబు మూతి మొత్తాన్ని కప్పే సౌర ఫిల్టర్ ఉండాలి, ఫైండర్ తీసేయాలి. ఇందులో మినహాయింపు లేదు.

కంటితో చూడటం మీద ఇష్టం ఉండి, చంద్రుడు, గ్రహాల ఫోటోలు కూడా కావాలనుకునేవారు నిస్సందేహంగా తీసుకోవచ్చు. కొనే వరుస కూడా చెప్పాలి: ముందు చెషైర్, తర్వాత 6 లేదా 7 మి.మీ. ఐపీస్, ఆ తర్వాత ఫ్యాన్, కెమెరా ఆఖరున. మేడ మెట్లు ఎక్కించి దించాల్సినవారు ఆరు అంగుళాల మోడల్ వైపు చూడటం మంచిది.

అద్దం మీద దుమ్ము కనబడగానే తుడవాలనిపిస్తుంది, వద్దు. పలచటి దుమ్ము పదునుకు దాదాపు ఏ నష్టమూ చేయదు, పొడిగుడ్డ మాత్రం పూతను గీస్తుంది. ఏళ్ల తర్వాత నిజంగా అవసరమైతే అద్దాన్ని విప్పి, పారే నీటి కింద దుమ్ము పోనిచ్చి, ఒక చుక్క సబ్బు కలిపిన నీళ్లలో దూదిని దాని సొంత బరువుతోనే అద్దం మీద జరిపి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి నిలువుగా ఆరబెట్టాలి. తిరిగి బిగించేటప్పుడు నడిమి రింగు గుర్తు ఊడలేదని, క్లిప్పుల కింద ఆ కాగితమంత సందు ఉందని చూసుకుని, కొలిమేషన్ మొదటినుంచి మళ్లీ చేయాలి.